ఆకు వద్దన్న వెలుగు

హైదరాబాద్ పాతబస్తీ తూర్పు కొసన సంతోష్‌నగర్‌లో 'క్రిడా' ఉంది. మెట్ట సేద్యం మీద పరిశోధనకు 1985లో ఏర్పడిన కేంద్ర సంస్థ అది. ప్రయోగాలు చేసే పొలాలు హయత్‌నగర్, గునగల్‌లలో ఉన్నాయి. జొన్నో సజ్జో ఎంత ఎదిగిందో తేల్చడానికి ఇలాంటి పొలాల్లో పాత పద్ధతి ఒకటుంది: కొంత మేర కొలిచి, మొక్కలు కోసి, ఓవెన్‌లో ఎండబెట్టి తూయడం. లెక్క పక్కాగా వస్తుంది. కాకపోతే కోసిన మొక్క వచ్చేవారం ఎంత ఎదిగేదో ఇక తెలియదు. మొక్కను ముట్టుకోకుండా కొలవాలంటే వెలుగును అడగాలి.

ఎండలోని నీలాన్నీ ఎరుపునూ పత్రహరితం చాలావరకు తాగేస్తుంది. ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది, మనకు కనిపించేది అదే. ఎరుపు దాటి 700 నానోమీటర్ల తర్వాత పరారుణం మొదలవుతుంది. దాన్ని మన కన్ను చూడలేదు, పత్రహరితానికీ దాంతో పెద్దగా పని లేదు. ఆకు లోపలి కణాల గోడలకూ, వాటి మధ్య గాలి సందులకూ తగిలి చెదిరి, దాదాపు సగం వెనక్కి వచ్చేస్తుంది. ఆకు పెరిగేకొద్దీ ఎరుపు తగ్గుతుంది, పరారుణం పెరుగుతుంది. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఎన్‌డీవీఐ. 1972లో మొదటి ల్యాండ్‌శాట్ ఎగిరాక, అమెరికా గడ్డిభూముల మీద టెక్సాస్ శాస్త్రవేత్తలు దీన్ని వాడి చూపారు.

ఉదాహరణకు, పిలకలు వేస్తున్న వరిమడి ఎరుపులో 8 శాతం, పరారుణంలో 24 శాతం తిప్పికొట్టిందనుకోండి. 16ను 32తో భాగిస్తే 0.5. మడి కమ్ముకున్నాక అవి 4, 46 అయితే 0.84. పైరు ఇంకా దట్టమై పరారుణం 50కి పెరిగినా అంకె 0.85 దగ్గరే ఆగిపోతుంది. చదరపు మీటరు నేలకు 3 చదరపు మీటర్ల ఆకు దాటిన దగ్గర్నుంచి ఎన్‌డీవీఐ మొద్దుబారుతుంది. అందుకే ఎరుపుకూ పరారుణానికీ సరిహద్దులో ఉన్న వెలుగు పట్టీలను కూడా చూస్తారు. 2015లో ఎగిరిన సెంటినెల్-2 ఉపగ్రహంలో అవి ఉన్నాయి.

పైరు చిన్నగా ఉన్నప్పుడు చిక్కు నేలతో వస్తుంది. ఎర్ర చెల్క ఎరుపును బాగా తిప్పికొడుతుంది, నల్లరేగడి అన్నిటినీ మింగుతుంది, నాటేసిన మడిలో నీళ్లు పరారుణాన్ని తాగేస్తాయి. ఒకే ఈడు పైరుకు మూడు నేలల్లో మూడు అంకెలు. నేల ప్రభావాన్ని తగ్గించే సూత్రాన్ని 1988లో హ్యూట్ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు.

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహాల సమాచారం షాద్‌నగర్‌లో దిగుతుంది. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరాకు ఒక చుక్క అంటే నేల మీద 23.5 మీటర్లు. మన కమతాల్లో ఆ చుక్కలోనే గట్టు, తుమ్మచెట్టు, పక్కాయన మొక్కజొన్న అన్నీ కలిసిపోతాయి. వానాకాలంలో మబ్బులు సరేసరి. అందుకే ఖరీఫ్ వరికి మబ్బుల్ని దాటే రాడార్ మీద ఆధారపడతారు.

ఇంతా చేసి వెలుగు చెప్పేది ఆకు సంగతి. గింజ సంగతి కాదు. పూతకు ముందు ఒకేలా పచ్చగా ఉన్న రెండు మళ్లలో ఒకదానికి పాలు పోసుకునే వేళ నీళ్లు అందకపోతే తాలు మిగులుతుంది. పంటల బీమా పథకం ఫసల్ బీమాలో దిగుబడి తేల్చేటప్పుడు 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకు టెక్నాలజీ లెక్కకు కనీసం 30 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. మిగతాది పంటకోత ప్రయోగాలకు ఉంచడం తెలివైన పనే.

నన్నడిగితే ఈ వెలుగు కొలత అసలు ఉపయోగం దిగుబడి జోస్యం కాదు, యూరియా. గ్రీన్‌సీకర్ అనే చేతి పరికరం తన వెలుగు తానే వేసుకుంటుంది, ఎండైనా మబ్బైనా దానికొకటే. పైరుకు రెండు మూడడుగుల ఎత్తున పట్టుకుని, మీట నొక్కి సాలు వెంట నడిస్తే అంకె వస్తుంది. ఒంటరి అంకెతో లాభం లేదు. ముందే పొలంలో ఒక పట్టీకి నత్రజని పుష్కలంగా వేసి ఉంచాలి. చిరుపొట్టకు ముందు ఆ పట్టీనీ, మిగతా మడినీ కొలవాలి. తేడా లేకపోతే ఇంకో బస్తా దండగ. ఉంటే, ఆ తేడాను బట్టే మోతాదు. పరికరం లేనివాళ్లకు వరిలో ప్లాస్టిక్ ఆకురంగుల పట్టిక ఉంది: అన్నిటికన్నా పైనున్న, పూర్తిగా విచ్చుకున్న ఆకును, తెంపకుండా, మన ఒంటి నీడలో పెట్టి పోల్చాలి. ఎండలో పోలిస్తే రంగు తప్పుతుంది.