సంతకం పెట్టే ముందు అడగండి

వేటపాలెంలో మగ్గం నేసేవాళ్లకైనా, జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లకైనా క్యాన్సర్ అని తేలితే, పెద్ద డాక్టరు ముందు నోరు పెగలదు. ‘మీ దయ సార్’ అని చూపించిన చోట వేలిముద్ర వేసి వస్తారు. దళితవాడల్లో ఈ మౌనం వెనుక తరతరాలుగా ఎదురు ప్రశ్నను నేరం చేసిన కులం ఉంది.

కానీ అడగడం రోగి హక్కు. చికిత్స ఏమిటి, ప్రమాదాలేమిటి, వేరే దారులున్నాయా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పాకే డాక్టరు అనుమతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

గుంటూరు పెద్దాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రానికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి:

• ఇది ఏ క్యాన్సర్? ఏ దశలో ఉంది?
• చికిత్స జబ్బు నయం కావడానికా, బాధ తగ్గించడానికా?
• ఆపరేషన్, కీమో, రేడియేషన్‌లలో ఏది ముందు? ఎందుకు?
• ఎన్ని వారాలు? రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజులు ఇస్తారు. అన్నాళ్లు ఎక్కడ ఉండాలి?
• మళ్లీ పనికి ఎప్పుడు పోవచ్చు?
• ఎన్టీఆర్ వైద్యసేవలో ఏవి వస్తాయి? చేతి నుంచి ఎంత పెట్టాలి?
• కీమో తర్వాత జ్వరం వస్తే ప్రమాదం. అర్ధరాత్రి అయితే ఎవరికి ఫోన్ చేయాలి?
• రైలు రాయితీ ఫారం మీద ఎవరు సంతకం చేస్తారు?

రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. రెండో డాక్టరు అభిప్రాయానికి అవే ఆధారం.

విద్యార్థులూ, కార్యకర్తలూ! రోగి చెప్పిన మాటల్లోనే ప్రశ్నలు రాసిపెట్టి, లోపలికి వెంట వెళ్లి, జవాబులు రాసుకోండి. అడిగేది మాత్రం రోగినే అడగనివ్వండి.