బేతంచెర్ల గవులు – మన్నులో దాగిన చరిత్ర

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పల్లెలలో నాపరాయి లేని ఇల్లు అరుదు. అరుగుపైన పరచినది అదే, పడసాలలో పరచినది అదే, పశువుల కొట్టమునకు గోడగా నిలిపినది అదే; కొన్ని ఇండ్లకు పైకప్పు కూడ అదే. ఈ రాతికి బేతంచెర్ల పెట్టినది పేరు. ఊరి పరిసరములలో రాతి గనులు, బండలను కోసి నునుపు చేయు కార్ఖానాలు పెక్కు కలవు. ఇక్కడి బండలు దూరప్రాంతముల ఇండ్లకు సైతము నేలయైనవి.

అయితే ఈ జాతి రాయి మనకు మరియొక ఉపకారము కూడ చేసినది. అది తన కడుపున గుహలను ఏర్పరచుకొని, వాటిలో వేలకొలది, లక్షకొలది ఏండ్లనాటి జంతువుల ఎముకలను, మన పూర్వుల పనిముట్లను చెడకుండ దాచి ఉంచినది. ఆ గుహలను గూర్చియు, వాటిని చూడబోవువారు పాటింపవలసిన పద్ధతులను గూర్చియు, వాటి సమీపమున నివసించు గ్రామస్థుల బాధ్యతను గూర్చియు ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఎర్రమల కొండలు

నల్లమల పేరు వినని తెలుగువారుండరు. ఆ కొండలకు పడమటగా, కుందూ నది లోయకు ఈవలి ప్రక్క మరియొక కొండల వరుస ఉన్నది. అదియే ఎర్రమల. నల్లమల దట్టమైన అడవి. ఎర్రమల తలలు చదునైన పొడికొండ. వానలు కురిసిన నెలలలో చెట్టుచేమలతో పచ్చగా కనిపించి, వేసవి రాగానే ఎండి, రాయి బయటపడును. బేతంచెర్ల ఈ ఎర్రమలల నడుమ ఉన్నది. పూర్వము కర్నూలు జిల్లాలోని ఈ ఊరు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. డోన్ నుండి నంద్యాలకు పోవు రైలు మార్గముపై ఇక్కడ స్టేషను కలదు.

ఈ ప్రాంతపు రాళ్లకు ఒక విశేషమున్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతి పొరలకు మన ఊళ్ల పేర్లనే పెట్టిరి. అడుగుపొర బనగానపల్లె, దానిపైన నార్జి, ఆపైన ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. మన సంతలకు, చుట్టాల ఇండ్లకు పోవు దారిలోని ఊళ్లు ఈ విధముగా శాస్త్రగ్రంథములలోకి ఎక్కినవి. వీటిలో నార్జి పేరుగల పొర సున్నపురాయి. బేతంచెర్ల గుహలు ఆ పొరలోనివే.

గవి ఎట్లు పుట్టును?

గుహను ఈ సీమలో గవి యందురు. సున్నపురాయిలో గవులు పుట్టుటకు కారణము వాననీరు. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తనలో కలుపుకొనును. నేలలోనికి ఇంకునప్పుడు, కుళ్లిన ఆకులలములనుండి, వేళ్లనుండి ఆ వాయువు మరికొంత చేరును. అప్పుడు నీరు మిక్కిలి బలహీనమైన ఆమ్లమగును. చింతపులుసు పడిన నాపబండ కొంతకాలమునకు నిగ్గు కోల్పోవుటను మన వంటయిండ్లలో చూచుచునే యున్నాము. ఆ పనినే వాననీరు కొండలో వేల ఏండ్లు చేసినది. పగుళ్లవెంట దిగి, రాయిని కొద్దికొద్దిగా కరగించి, పగులును సందుగా, సందును సొరంగముగా మార్చినది. కరగిన సున్నము చుక్కచుక్కగా కారి మరల గడ్డకట్టినచోట కప్పునుండి వ్రేలాడు రాతి ఊడలు ఏర్పడును.

ఇట్లేర్పడిన గవిలోనికి వరదనీటితోను, గాలితోను మన్ను వచ్చి చేరును. మృగములు అక్కడ ఈనును, తిని పారవేయును, చచ్చును. మనుష్యుడు వానకు, ఎండకు తలదాచుకొనును, నిప్పు రాజేయును. వీటన్నిటి ఆనవాళ్లు మన్నులో కలిసి, పొరమీద పొరగా పేరుకొనును. సున్నపు నేల కావుట చేత ఎముకలు త్వరగా చివికిపోవు. గవి విలువ అంతయు ఈ పొరలలోనే ఉన్నది.

బిల్లసర్గం

బేతంచెర్లకు కొద్ది కిలోమీటర్ల దూరమున, కనుమకింది కొట్టాల గ్రామ సమీపమున ఒక గుహల సముదాయము కలదు. శాస్త్రగ్రంథములలో దీనిని బిల్లసర్గమని వ్రాయుదురు. పత్రికలలో బిల్వస్వర్గమనియు కనిపించును. పైకప్పు కొంతమేర కూలిపోగా, ఎత్తైన రాతిగోడల నడుమ ఇరుకైన లోయవలె తోచును. ఆ గోడలలో గుహల నోళ్లు తెరచుకొని ఉన్నవి.

మద్రాసు సైన్యములో అధికారియైన కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహలలో ఎముకలున్నవని 1844లో ప్రకటించిరి. తరువాత నలువది ఏండ్లపాటు వీటిని పట్టించుకొన్నవారు లేరు. ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ ఈ గుహలను మరల పరిశోధించుట మంచిదని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచింపగా, ఆ పనికి రాబర్ట్ బ్రూస్ ఫుట్ నియమితులైరి. 1863లో మద్రాసు సమీపమున పల్లావరం వద్ద పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి, మన దేశపు ప్రాచీన చరిత్రకు తలుపు తెరచినవారు ఈయనయే. 1884లోను, 1885లోను ఫుట్, ఆయన కుమారుడు లెఫ్టినెంట్ హెన్రీ ఫుట్ ఇక్కడ త్రవ్వకములు జరిపించిరి. గుహలకు వారు తమ దేశపు వాడుక ప్రకారము పేర్లు పెట్టిరి. ఎముకలు రాశిగా దొరకిన గుహకు చార్నెల్ హౌస్, అనగా ఎముకల కొట్టు అని పేరు. విశాలమైనదానికి కెథీడ్రల్, అనగా పెద్ద చర్చి అని పేరు.

దొరకిన ఎముకలను లిడెక్కర్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1886లో ఒక గ్రంథము ప్రకటించిరి. అందు పులి, చిరుతపులి, ఎలుగుగొడ్డు, కణుజు, అడవిపంది, ముళ్లపంది మొదలగువానితోపాటు ఖడ్గమృగము కూడ ఉన్నది. దానికి ఆయన కర్నూలు పేరుతోనే శాస్త్రీయ నామము పెట్టిరి. నేడు మేకలు కూడ నీడకు వెదకికొను ఈ పొడినేలలో ఒకనాడు ఖడ్గమృగము తిరిగినదన్న మాట!

మనుష్యుని ఆనవాళ్లు

చెక్కిన ఎముకలు కొన్ని ఆనాటి మనుష్యుల పనిముట్లని ఫుట్ తలచిరి. తరువాతివారిలో కొందరు ఆ మాటను సందేహించిరి. 1970 దశకమున ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతములోనే ముచ్చట్ల చింతమాను గవిని త్రవ్వి, రాతి పనిముట్లను, ఎముక పనిముట్లను, నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాలును కనుగొనిరి. ఆ పొయ్యి వయస్సు సుమారు 17,000 సంవత్సరములని లెక్క కట్టిరి. ఎన్నో ఏండ్లు నడచిన వాదమునకు గట్టి సాక్ష్యము ఈ విధముగా లభించినది. ఆ గవిలోని మన్ను అంతవరకు కదలకుండ ఉండుటయే అందుకు కారణము.

2014లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకను గొప్ప సంగతిని తెలిపినది. బిల్లసర్గపు పొరలను అడుగునుండి పైవరకు పరీక్షించి, గత రెండు లక్షల ఏండ్లలో ఇక్కడ నివసించిన క్షీరజంతువులలో 21 జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. వానిలో ఒక్కటి తప్ప తక్కినవన్నియు మన ఉపఖండములో నేటికిని జీవించియున్నవి. ప్రపంచమున పెక్కు దేశములలో పెద్ద జంతువులు ఈ కాలములోనే నశించినవి. కొండ, అడవి, గడ్డిమైదానము, నీటిపట్టు ఒకదానికొకటి ఆనుకొని ఉండుటచే, ఒకచోట కరువు వచ్చినను మృగములు మరియొకచోటికి పోయి బ్రతుకగలిగినవని వారి అభిప్రాయము. అడవిని ముక్కలు చేయరాదని నేడు మనము చెప్పుకొను మాటకు రెండు లక్షల ఏండ్ల సాక్ష్యము బేతంచెర్ల మన్నులో దొరకినది.

బూడిద చెప్పిన కథ

బేతంచెర్లకు ఆవల బనగానపల్లె ప్రాంతమున జ్వాలాపురమను గ్రామము కలదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపములోని టోబా అగ్నిపర్వతము ప్రేలినది. దాని బూడిద సముద్రము దాటివచ్చి ఈ లోయలో పడి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన మందమున పేరుకొన్నది. ఆ బూడిద పొరకు క్రిందను, పైనను కూడ రాతి పనిముట్లు దొరకినవని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతటి ఉత్పాతమునకు ముందును, తరువాతను ఇక్కడ మనుష్యులుండిరని దీనివలన తెలియుచున్నది.

ఆ బూడిదను స్థానికముగా త్రవ్వి, పాత్రలు తోముకొను పొడికై అమ్ముట కూడ జరిగినది. త్రవ్వినవారిని నిందించి ప్రయోజనము లేదు. అది ఏమియో చెప్పినవారు వారికి లేకపోయిరి. అందుచేతనే ఇట్టి సంగతులు పల్లెపల్లెకు తెలియవలసియున్నవి.

గుప్తనిధి ఏది?

కొండలలోను, పాడుబడిన గుడులలోను గుప్తనిధులున్నవన్న భ్రమతో రాత్రివేళ త్రవ్వువారిని గూర్చి మన సీమలో అప్పుడప్పుడు వినుచున్నాము. గవులలో త్రవ్వినవారికి బంగారము దొరకదు. కాని వారి గునపము పడిన చోట చరిత్ర మాత్రము శాశ్వతముగా నశించును. ఎట్లందురా? పూర్వము గ్రామ కరణము వద్ద లెక్కల కట్ట ఉండెడిది. ఏ కాగితము ఏ సంవత్సరమునకు చెందినదో వరుసనుబట్టి తెలిసెడిది. ఆ కట్టను విప్పి కాగితములను గాలికి వదలినచో, ప్రతి కాగితము చేతికి దొరకినను లెక్క తేలదు. గవిలోని పొరలు అట్టివి. ఒక ఎముక ఏ పొరలో, దేనిప్రక్కన ఉన్నదో తెలిసినప్పుడే దానికి విలువ. పొర చెదరినచో అది వట్టి ఎముక.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. నేలలో దొరకిన నిధి పది రూపాయలకు మించిన విలువ గలదైనచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. ప్రాచీన స్థలముల రక్షణకై 1960లో మన రాష్ట్రము ప్రత్యేక చట్టము చేసినది.

చూడబోవువారికి

వానలు వెనుకపట్టినది మొదలు శివరాత్రి వరకు ఈ కొండలు చూచుటకు అనువైన కాలము. వేసవిలో రాయి కాగును, నీరు దొరకదు. త్రాగునీరు, చేతిదీపము, గట్టి చెప్పులు వెంట ఉండవలెను. ఒంటరిగా పోరాదు; దగ్గరి గ్రామస్థులకు చెప్పి, దారి తెలిసినవారిని తోడు తీసికొని పోవలెను. తేనెపట్లు, గబ్బిలములు ఉన్నచోట్ల పొగపెట్టుట, కేకలు వేయుట ప్రమాదకరము. గోడలపై పేర్లు చెక్కరాదు, రాతి ఊడలను విరువరాదు. ఎముకగాని, చెక్కిన రాయిగాని కనిపించినచో తీయక, ఉన్నచోటనే ఉంచి, గ్రామ అధికారులకు తెలుపవలెను.

ఇదే యాత్రలో బేతంచెర్ల మండలములోని మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రమును, బనగానపల్లె సమీపమున యాగంటి ఉమామహేశ్వరుని ఆలయమును, అక్కడి కొండగుహలను దర్శింపవచ్చును. మరికొంత దూరము పోయినచో కొలిమిగుండ్ల మండలమున బెలుం గుహలున్నవి.

బెలుం కథ మన గ్రామములకు ఆదర్శము కాదగినది. 1884లో ఫుట్ పేర్కొన్న ఆ గుహలు పిమ్మట చిరకాలము ఆదరణ లేక, చెత్త పారవేయు స్థలముగా ఉండెను. 1982, 1983 సంవత్సరములలో జర్మను దేశపు అన్వేషకులు వచ్చి లోపలి మార్గములను కొలిచిరి. చుట్టుపట్ల గ్రామస్థులు పూనుకొని, చెత్త ఆపించి, గుహలను కాపాడవలెనని పట్టుబట్టిరి. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ వానిని చేపట్టి, 2002లో ప్రజల దర్శనమునకు తెరచినది. 3,229 మీటర్ల పొడవుగల ఆ గుహలలో సుమారు 1,500 మీటర్లు నేడు దీపముల వెలుగులో చూడవచ్చును. చెత్తకుప్పయని తలచినది ఆ ఊరికి పేరును, కొందరికి జీవనమును తెచ్చినది.

బిల్లసర్గమునకు, చింతమాను గవికి కూడ కావలి సమీప గ్రామస్థులే. పశువులను తోలుకొనిపోవు కాపరికి ఏ గవి నోట క్రొత్త గొయ్యి పడినదో అందరికంటె ముందు తెలియును. ఆతడు వచ్చి చెప్పిన మాటను పంచాయతీ పెద్దలు ఆ దినమే అధికారులకు అందజేయవలెను. పాఠశాల ఉపాధ్యాయులు ఏటికొక్కసారి పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి, ఈ పొరల సంగతి చెప్పవలెను. ఇంటి అరుగుపై బండ పగిలినచో మరియొక బండ తెచ్చి వేసికొందుము. గవిలో చెదరిన మన్నును మరల పేర్చుట మాత్రము ఎవరి తరమును కాదు.