థర్మోకోల్ కొండకు స్ప్రే రంగు వద్దు

డిసెంబరు దగ్గర పడితే మన క్యాంపుల్లో థర్మోకోల్‌కు గిరాకీ పెరుగుతుంది. ఏసీలు, టీవీల పెట్టెల్లో వచ్చే ముక్కలు మామూలుగా చెత్తకుండీకే పోతాయి. క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేవాళ్లు వాటిని ఏరి మంచం కింద దాచుకుంటారు. వినాయక చవితికి కైలాసం కట్టాలన్నా అదే సరుకు. ఖర్చు లేదు, చాకుతో ఎటు కోస్తే అటు తెగుతుంది. చిక్కంతా రంగు వేసే దగ్గరే.

కొన్నేళ్ల కిందట మా గదిలో ఏం జరిగిందో చెబుతాను. డ్యూటీ దిగాక రెండు రాత్రులు కూర్చుని కొండ చెక్కాం. త్వరగా తేలిపోతుందని ఒక తమ్ముడు సగం మిగిలిన స్ప్రే డబ్బా తెచ్చాడు. కొట్టిన కాసేపటికే శిఖరం కుంగిపోయింది. గొర్రెల కాపరి నిలబడాల్సిన చోట గుంట పడింది. అందరం నవ్వాం. ఈలోగా, తెల్లవారుజాము బస్సు కోసం ముందే పడుకున్న పెద్దాయన తల తిరుగుతోంది, వాంతి వస్తోంది అంటూ లేచాడు. తలుపులు మూసి ఏసీ వేసుకుని ఉన్నాం. అదే సమయంలో మూలన ఒకరు టీకి స్టవ్ వెలిగించబోతున్నారు. వద్దని అరిచి, తలుపు తెరిచి, పెద్దాయన్ని బయటికి నడిపించాం. ఆ పూట బతికిపోయాం.

థర్మోకోల్‌లో నూటికి 98 వంతులు గాలే. మిగిలింది పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్. స్ప్రే డబ్బాల్లో, థిన్నర్‌లో ఉండే టోలీన్, ఎసిటోన్ వంటి ద్రవాలు దాన్ని కరిగించేస్తాయి. పెట్రోలు, ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు కూడా అంతే. వీటి ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి స్టవ్ దాకా చేరితే భగ్గుమంటుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. సైట్లో ఇచ్చే తెల్ల మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఈ ఆవిరిని ఆపదు. మాస్కు ఉంది కదా అని చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఇంతకీ సరైన రంగు ఏది? గోడలకు వేసే ఎమల్షన్. నీళ్లతో కలుస్తుంది కాబట్టి థర్మోకోల్‌ను తినదు. ముందు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో సగానికి సగం నీళ్లు కలిపి కొండంతా పూయండి. తడిగా ఉండగానే జల్లించిన ఇసుక చల్లండి. ఆరితే అచ్చం రాయిలా గరుకుదనం వస్తుంది. దాని మీద ముదురు గోధుమరంగు, అది పూర్తిగా ఆరాక లేత రంగు. ఈ రెండోసారి బ్రష్‌ను పాత గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు పైపైన రాయండి. ఎత్తుగా ఉన్నచోట్లే లేత రంగు అంటుకుంటుంది, పగుళ్లలో నలుపు నిలుస్తుంది. మస్కట్ చుట్టూ రోజూ బస్సులోంచి చూసే కొండలు అలాగే ఉంటాయి. పచ్చగా కావాలంటే సలాలా ఖరీఫ్‌ను తలుచుకోండి!

ఇంటి కప్పుల మీద పరిచే నీలం, గులాబీ ఫోమ్ బోర్డులు కూడా ఈ జాతివే. కోత ఇంకా నున్నగా వస్తుంది. ముక్కలు ఫోర్‌మన్‌ను అడిగే తెచ్చుకోండి. కోయడం, ఉప్పుకాగితం రుద్దడం ఆరుబయట, శుక్రవారం పగలు పెట్టుకోండి. దుమ్ముకు మాత్రం ఆ తెల్ల మాస్కు పనికొస్తుంది. సూది కాల్చి కోయడం వద్దు, ఆ పొగ మంచిది కాదు.

రంగు వేసినా లోపలున్నది మండే సరుకే. అంటుకుంటే క్షణాల్లో నల్లటి పొగ గదిని నింపేస్తుంది. దగ్గర కొవ్వొత్తి వద్దు. వేడెక్కే పాత బల్బుల దండ బదులు ఎల్‌ఈడీ దండ వేయండి, పడుకునే ముందు ప్లగ్గు తీసేయండి. కొండను తలుపుకు అడ్డంగా మాత్రం పెట్టకండి. నిప్పంటుకుంటే సామాన్ల కోసం ఆగకుండా అందరినీ లేపి బయటికి వచ్చి, 9999కి ఫోన్ చేయండి.

మా కరిగిన కొండను మేం పారేయలేదు. ఆ గుంటకు పుట్టీ పూసి, నీలం ఎమల్షన్ వేసి, వాదీలో నీటిమడుగు చేశాం. గొర్రెలను దాని చుట్టూ నిలబెట్టింది ఆ పెద్దాయనే.