నల్లమలలో యురేనియము వెదకులాట



నంద్యాలలో నిలచి తూర్పునకు చూచినచో నీలిగీతవలె గనబడు నల్లమలను నేను పుట్టినది మొదలు చూచుచున్నాను. నిత్యము కంటబడుదానిని గూర్చి ఆలోచించుట యరుదు. మహానంది కోనేటిలో మునిగి, అడుగున పడిన కాసు తేటగా కనబడుచున్నదని సంతసింతుము గాని, ఎండకాలమునను తఱుగని యా నీరు ఎచ్చటిదని యడుగువారు కొందఱే. అడవిలో కురిసిన వాన ఆకుదుబ్బులో నింకి, రాతిపగుళ్లగుండ జాఱి, కొండపాదమున ఊటయై పైకి వచ్చుచున్నది. దిగువనున్న అరటితోటలకును వరిమళ్లకును ఆ నీరే ఆధారము. అహోబిలమున భవనాశియు, కుందూనదికి తూర్పునుండి వచ్చు వాగులును నల్లమల బిడ్డలే.

ఈ యడవి యే యొక్కరి పట్టాభూమియు గాదు, మనయందఱిది. నాగార్జునసాగరము–శ్రీశైలము అరణ్యము 1983లో పులుల సంరక్షణకై ప్రత్యేకింపబడినది. రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణములోని భాగమునకు అమ్రాబాదు పులుల అభయారణ్యమని పేరు వచ్చినది. మనవైపున గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము 1990లో ఏర్పడినది. పేళ్లు వేఱైనను కొండ యొక్కటే. పులికి రాష్ట్రపు సరిహద్దు తెలియదు, నీటికి అసలే తెలియదు.

2019 మే నెలలో కేంద్రప్రభుత్వపు అటవీ సలహాసంఘము అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియమును వెదకుటకు సూత్రప్రాయముగా అనుకూల సిఫారసు చేసినది. ప్రతిపాదనలో 4,000 బోర్లు గలవు. ‘వెదకుటయే గదా, త్రవ్వుట కాదు గదా’ అని కొందఱనిరి. మనము రైతులము, లెక్క వేసి చూతము. 83 చదరపు కిలోమీటర్లనగా సుమారు 20,500 ఎకరములు. అనగా ప్రతి అయిదెకరములకు నొక్క బోరు! మన చేనిలో ఒక్క బోరు వేయించుటకు లారి వచ్చినప్పుడు గట్లు తెగి, చెట్లకొమ్మలు విఱిగి, బురద పాఱి, ఆ మ్రోతకు దొడ్డిలోని ఎద్దులు బెదరుట మీరెఱుగుదురు. బాటలే లేని చోటికి ఆ యంత్రములు పోవలయునన్న ముందు బాట నఱుకవలయును. పిల్లలతో నున్న ఆడుపులి అచ్చట నిలుచునా? తేనెకును జిగురునకును ఆ యడవినే నమ్ముకొన్న చెంచులు ఎచ్చటికి పోవలయును?

వెదకువాడు దొరకినపిమ్మట చేతులు కట్టుకొని కూర్చుండుటకు వెదకడు. నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు గ్రామములచెంత వెదకులాట ముగిసినవెంటనే గనుల ప్రతిపాదన వచ్చినది. అందొకటి పైమన్నంతయు తొలగించి త్రవ్వు బహిరంగపు గని. అది నాగార్జునసాగర జలాశయమునకు చేరువ. 2003లో జరిగిన బహిరంగ విచారణలో ప్రజలు దానిని గట్టిగా ఎదిరించిరి.

ఈ ఖనిజము సంగతి కొంత చెప్పవలయును. కడపజిల్లా తుమ్మలపల్లెలోని ముడిరాయి టన్నునకు దొరకు యురేనియము అరకిలోకు మించదు. తక్కిన రాయియంతయు పిండియై, రసాయనములతో కలసిన బురదగా చెఱువులలో నిలువ చేయబడును. యురేనియమును తీసివేసినను రేడియము మున్నగునవి యందే మిగిలియుండుటచే, మొదటి కిరణశక్తిలో నూటికి 85 పాళ్లవఱకు ఆ బురదయందే నిలచును. అది వేలయేండ్లు కాపలా కాయవలసిన బురద. మన మనుమల మనుమలకును ఆ పని తప్పదు.

దేశమునకు విద్యుత్తు వలదా యని యడుగువారు గలరు. వలయును, ఆ ప్రశ్నను నేను తేలికగా తీసివేయను. కాని శ్రీశైలము, నాగార్జునసాగరములను రెండు జలాశయములను ఆనుకొనియున్న పులుల అడవి అందుకు తగిన చోటు కాదని నా దృఢాభిప్రాయము. యజమానులు అందఱును అయినచోట ఎవ్వరినీ అడుగనక్కఱలేదను తలంపు వ్యాపించుటయే నాకు మిక్కిలి భయము గొలుపుచున్నది.

అడిగినచో ఫలితముండును. 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకమునకు వ్యతిరేకముగా ఏకగ్రీవ తీర్మానము చేసినది. ఆ యేడాదియే మన ఆళ్లగడ్డ ప్రాంతమునను యురేనియమునకై బోర్లు వేయుటను ప్రజలు ప్రశ్నించిరి.

కావున మీ పొలిమేరలో క్రొత్తయంత్రము కనబడినచో, ఏ యుత్తరువు ననుసరించి వచ్చితిరని మర్యాదగా అడుగుడు, కాగితము చూపుమనుడు. అడవిహక్కులు గల గూడెములయందు 2006నాటి చట్టము గ్రామసభకు అడవిని కాపాడు అధికారమిచ్చియున్నది. సభ జరిగిననాడు మాట నోటితో చెప్పి విడువక, పుస్తకమున వ్రాయించి, చదివించుకొని, పిమ్మట సంతకము చేయుడు.