మాట తడబడువారు

మాటలు నేర్చు బిడ్డకు వసకొమ్ము సానపై నరగదీసి నాలుకకు రాచుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. ఎడతెగక మాటలాడు పిల్లను వసపిట్ట యని ముద్దుగా పిలుచుటయు మనకు వాడుక. మాట యనిన మనవారికంత మక్కువ. అట్టి యింట మూడేండ్ల బిడ్డ యొకనాడు హఠాత్తుగా "అ... అ... అమ్మా" యని తడబడసాగినచో తల్లి గుండె ఝల్లుమనుట సహజమే. ఆనాటినుండి వైద్యములారంభమగును. ఒకరు మరల వస పోయుమందురు. ఒకరు నోట గులకరాళ్ళుంచి పలికింపుమందురు. వేరొకరు నాలుక క్రింది నరము కోయింపుమందురు.

వసలో హానికరమైన పదార్థము కలదని తేలుటచే, దానిని తినుబండారములలో కలుపుటను అమెరికా ప్రభుత్వము 1968లో నిషేధించినది. పసిబిడ్డలకు దానిని పోయవలదనియే నేటి వైద్యులును చెప్పుచున్నారు. గులకరాళ్ళ సంగతి ప్రాచీన గ్రీకు వక్తయగు డెమోస్తనీసును గూర్చిన కథ. కథగా బాగున్నదిగాని, బిడ్డ గొంతున రాయి యడ్డుపడిన నెవరు దిక్కు? ఇక కోతమాట. 1841లో బెర్లిను నగరమున డీఫెన్‌బాక్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు నత్తి పోగొట్టుటకై నాలుక మూలముననే కత్తి పెట్టెను. శస్త్రచికిత్సలకు మత్తుమందు లింకను వాడుకలోనికి రాని దినములవి! ఆ కోత కొలదికాలములోనే మూలబడినది.

నిజమునకు దోషము నాలుకయందు లేదు. నత్తిగలవారిలో చాలమంది పాట పాడునపుడు తడబడరు. పదిమందితో గొంతు కలిపి విష్ణుసహస్రనామము చదువునపుడు తడబడరు. దొడ్డిలో దూడతో నొంటరిగా ముచ్చటించునపుడును తడబడరు. నాలుకయే చెడినదైనచో నప్పుడు మాత్ర మెట్లు సరిపడును? మాట పలుకుటకు ఊపిరి, గొంతు, పెదవులు, నాలుక ఒకే లయలో కదలవలెను. ఆ లయను నడుపునది మెదడు, భేదమచ్చటనే యున్నది. ఇది పెక్కుమారులు వంశములో వచ్చును. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలోని డెన్నిస్ డ్రేనా మొదలగు శాస్త్రజ్ఞులు, నత్తి హెచ్చుగా గల పాకిస్తాను కుటుంబములను పరిశోధించి, మూడు జన్యువులలోని మార్పులకును నత్తికిని సంబంధము కలదని ప్రకటించిరి. ఆ జన్యువులు శరీరకణములలో పేరుకొను చెత్తను శుభ్రము చేయు పనికి సంబంధించినవట! ఊడ్పుపనికిని వాక్కునకును ముడియున్నదనిన ఇల్లు చక్కబెట్టు మనకు వింతగానే తోచును. నత్తిగలవారిలో కొలదిమంది విషయమునకే యిది సమాధానము. అయినను తల్లి భయపడుటవలననో, తోడిపిల్లను వెక్కిరించుటవలననో నత్తి పట్టుకొనునను నమ్మకమున కిక తావు లేదు.

నూరుగురు బిడ్డలలో అయిదుగురు, అంతకు మించియు, ఏదో యొక వయస్సున కొంతకాలము తడబడుదురు. అది సాధారణముగా రెండవయేటికిని అయిదవయేటికిని నడుమ మొదలగును. వారిలో నాలుగింట మూడువంతులమందికి దానంతటదియే పోవును. పెద్దవారిలో నూటికొకరికి మిగులును; ఆ మిగిలినవారిలో స్త్రీ యొకతె యున్నచోట పురుషులు నలుగురుందురు. స్త్రీలకిది తక్కువయని సంతోషింపవచ్చును గాని, నత్తిగల యాడుపిల్ల తనవంటి మరియొకతెను చూడకయే పెరిగి పెద్దదగుచున్నదని యెరుగవలెను.

గద్దించుటవలన నత్తి పుట్టదు సరే, మరి గద్దింపువలన కలుగునదేమి? ఇందునుగూర్చి యొక దుఃఖకరమైన చరిత్ర కలదు. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున వెండెల్ జాన్సన్ అను పండితుని పర్యవేక్షణలో నొక విద్యార్థిని అనాథశరణాలయములోని 22 మంది బిడ్డలపై ప్రయోగము చేసెను. పెద్దలు తప్పుపట్టుటచేతనే నత్తి స్థిరపడునని జాన్సన్ నమ్మకము. ఏ నత్తియు లేని కొందరు పిల్లలతో, నీ మాట సరిగా లేదు, తప్పులేకుండ పలుకగలిగిననే నోరు తెరువుమని మాటిమాటికి చెప్పించిరి. వారికి నత్తి రాలేదు. వారు మాటలాడుటయే తగ్గించుకొనిరి. తరగతిలో లేచి పలుకుటకు వెనుదీసిరి. ఆ విశ్వవిద్యాలయము 2001లో క్షమాపణ చెప్పినది. 2007లో అయోవా రాష్ట్రము బాధితులకును వారి వారసులకును 9 లక్షల 25 వేల డాలర్లు చెల్లించినది. అచ్చట పరిశోధన పేర జరిగిన యా పని మన యిండ్లలో ప్రేమ పేర నిత్యము జరుగుచున్నదని మా యభిప్రాయము.

నత్తిగలవారు మాట దాటవేయుటలో చూపు నేర్పు చాలమంది యెరుగరు. 'ప' కారము పలుకదని తోచిన పప్పు అడుగరు, సాంబారు చాలునందురు. ఈ యవస్థ మన స్త్రీలకు తెలియనిది కాదు. పెనిమిటి పేరు పలుకరాదను నియమముగల యిండ్లలో మన అమ్మమ్మలు ఒక్క పేరును తప్పించుటకు ఎన్ని దారులు త్రొక్కెడివారో జ్ఞాపకము చేసికొనుడు! దినమునకు నూరుమాటల నట్లు తప్పించి బ్రదుకవలసిన యిల్లాలి శ్రమ యెంతటిదో ఊహింపవచ్చును.

అట్టి యిల్లాలే యానీ గ్లెన్. ఆమె 1920లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జన్మించినది. తండ్రికిని నత్తి యుండెను. ఆమె ఆర్గను వాద్యమున నేర్పరి. చేతులకు లేని యడ్డు మాటకు మాత్రముండెను. టాక్సీ యెక్కినచో పోవలసిన చోటు కాగితముపై వ్రాసి చూపెడిది. కుమార్తె పాదమున మేకు దిగిననాడు ఫోనులో సాయము కోరుటకు నోరురాక పొరుగింటివారిని పిలుచుకొని రావలసి వచ్చినదట. ఆమె భర్త జాన్ గ్లెన్, 1962 ఫిబ్రవరి 20న భూమిచుట్టు మూడుమారులు తిరిగివచ్చిన వ్యోమగామి. దానికి ముందు జనవరిలో ప్రయాణ మొకమా రాగిపోయినది. అప్పుడు ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెలివిజన్ వారిని వెంటబెట్టుకొని ఆమెను పరామర్శింపవలెనని యింటిముందు వేచియుండెను. ఆమె రానీయలేదు. ఒప్పింపుమని అధికారులు భర్తపై ఒత్తిడి తెచ్చిరి; నా భార్య వలదన్నచో వలదు అను భావముతో ఆయన ఆమె పక్షముననే నిలిచెను. ఆకాశమునకెగిరిన ఘనతకంటె నిది తక్కువ ఘనత కాదు.

1973లో, తన 53వయేట, ఆమె వర్జీనియాలోని హాలిన్సు సంస్థలో మూడువారముల కఠిన శిక్షణము పొందెను. తిరిగివచ్చి భర్తతో ధారాళముగా పలికిన తొలిమాటలలో, విడిచిన మేజోళ్ళు తీసి సరిగా పెట్టుకొమ్మని మందలించుట యొకటియని చెప్పుకొందురు. ముప్పదియేండ్లు దాచుకొన్న మాట కాబోలు! తరువాత ఆమె సభలలో ప్రసంగించెను. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున వాక్చికిత్స విద్యార్థులకు బోధించెను. అయినను తన నత్తి నయమైపోయెనని ఆమె తలపలేదు.

మన దేశమునను ఉదాహరణలు లేకపోలేదు. 1957లో కేరళ మొదటి ముఖ్యమంత్రియైన నంబూద్రిపాదుగారికి నత్తి యుండెను. మీకెప్పుడును నత్తియేనా యని యొకరడుగగా, కాదు, మాటలాడునపుడు మాత్రమేయని ఆయన బదులుచెప్పినట్లు ప్రసిద్ధి.

అందరికి నట్టి చమత్కారము సాధ్యము కాదు. కావున వినువారు చేయదగిన దెక్కువ. "నెమ్మదిగా చెప్పు", "ఊపిరి పీల్చుకో" యని హెచ్చరించుటకంటె మనమే నెమ్మదిగా మాటలాడుట మేలు. బిడ్డ మాట వెదకుకొనునపుడు మనమందింపరాదు. అది మనము తలచిన మాటయే యని యేమి నమ్మకము? పొయ్యిమీద పాలు పొంగుచున్నను ముఖమటు త్రిప్పుకొనక, వెంటనే వచ్చెదనని చెప్పి, వచ్చి వినవలెను. చుట్టముల యెదుట నిలబెట్టి పద్యము చదువుమనుట మానవలెను. తానై చదివెదనన్న నడ్డగింపరాదు. అన్నదమ్ములు వెక్కిరించి పేరు పెట్టినచో ఆనాడే ఆ పేరు చెరిపివేయవలెను. నత్తిపాత్రను చూచి నవ్వుమను సినిమాలు మనకు కొదువలేదు. అట్టిచోట తల్లి నవ్వుచున్నదా యని బిడ్డ చూచుచుండును.

పెండ్లిచూపుల సంగతి వేరుగా చెప్పవలెను. పిల్లనడుగు మొదటి ప్రశ్న "నీ పేరేమమ్మా?" యనునదే. నత్తిగలవారికి తమ పేరే మిక్కిలి కష్టము. దానికి మారుమాట లేదుగదా! అప్పుడు తల్లి యందుకొని పేరు చెప్పి, పిల్లకు సిగ్గని సర్దుట జరుగుచుండును. నాటినుండి ఆ పిల్ల అత్తవారింట గుట్టు కాచుకొనుచు బ్రదుకవలెను. నత్తి కలదని కబురుతోనే తెలుపుట మేలని మా సలహా. వరునికి నత్తియున్నను నంతే. ముందుగా చెప్పివేసిన తరువాత తడబాటే కొంత తగ్గునని పలువురి యనుభవము. ఆ మాట విని వెనుదిరుగువారు వెనుదిరుగుదురు.

తడబాటు ఆరునెలలు దాటినను, వంశమున నున్నను, మాట రాక బిడ్డ కనులు బిగించి పెనుగులాడుచున్నను వాక్చికిత్సకుల కడకు తీసికొనిపోవలెను. 1980 దశకమున సిడ్నీలో రూపొందిన యొక పద్ధతిలో చికిత్స చేయునది ముఖ్యముగా తల్లిదండ్రులే. చికిత్సకుడు నేర్పును, వారింట ప్రతిదినము కొంతసేపు బిడ్డతో ఆడుచు సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకొందురు. మైసూరులో అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ కలదు. హైదరాబాదున జన్మించి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన అలీ యావర్ జంగ్ గారి పేర 1983లో బొంబాయిలో వెలసిన జాతీయసంస్థకు సికింద్రాబాదున ప్రాంతీయకేంద్రము కలదు. పోవునపుడు, బిడ్డ యింట మాటలాడుచుండగా ఫోనులో ముద్రించిన మాటలు వెంట తీసికొనిపోవుడు. క్రొత్తచోట, క్రొత్తవారియెదుట, పిల్లలు ఆ పూట ఒక్కమారైనను తడబడకపోవుట కలదు.