నేత ఇంటి ముంగిట దేశపు సంత

మగ్గం మీద చీర నేసేవారికీ, ఆ చీర కట్టుకొనేవారికీ మధ్య పరిచయం కలిగే సందర్భాలు మన దేశంలో చాలా అరుదు. నూలు ఇచ్చి నేయించుకొనే మాస్టరు వీవరు, టోకు వర్తకుడు, పట్టణంలోని దుకాణదారుడు - ఇన్ని చేతులు మారితే గాని వస్త్రం కొనుగోలుదారును చేరదు. ఈ ప్రయాణంలో ధర పెరుగుతూ పోతుంది. నేసినవారి పేరు మాత్రం మొదటి మజిలీలోనే మాసిపోతుంది. 2019-20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా నేతపనివారు, అనుబంధ వృత్తులవారు ఉన్నారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ఇందరి శ్రమకు సరియైన ప్రతిఫలం లభించడానికి విపణి ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

సంత రూపం మారింది

ఈ పరిస్థితిలో గత కొద్ది సంవత్సరాలుగా ఒక క్రొత్త మార్గం తెరుచుకున్నది. ఛాయాచిత్రాలను పదిమందితో పంచుకొనేందుకు 2010 అక్టోబరులో అమెరికాలో ఆరంభమైన ఇన్‌స్టాగ్రామ్ అనే మాధ్యమం 2012లో ఫేస్‌బుక్ సంస్థ అధీనంలోకి వచ్చింది. 2016 నుండి వ్యాపారులు దానిలో తమకంటూ ప్రత్యేకమైన ఖాతా తెరిచే సదుపాయం ఏర్పడింది. అదే సంవత్సరం మన దేశంలో యు.పి.ఐ. చెల్లింపులు ప్రారంభం కావడంతో, దూరాన ఉన్నవారి నుండి క్షణాలలో సొమ్ము అందుకొనే వీలు కలిగింది. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా రాకపోకలు స్తంభించి, ప్రదర్శనలు, సంతలు నిలిచిపోయినప్పుడు, ఇంటిలో పేరుకుపోయిన సరకును అమ్ముకొనేందుకు ఎందరో చేతివృత్తులవారు చేతిలోని ఫోనునే ఆశ్రయించారు.

ఇందులోని పద్ధతి సులభమైనదే. ఖాతా తెరవడానికి రుసుము లేదు. తాము ఎవరు, ఏ ఊరివారు, ఏమి తయారు చేస్తారు అనే వివరాలను రెండు మూడు పంక్తులలో వ్రాసుకోవాలి. వస్తువుల ఫొటోలను ఒక్కొక్కటిగా చేర్చాలి. అవి వరుసగా అమరి, దుకాణపు అద్దాల బీరువా వలె కనిపిస్తాయి. రీళ్ళనే చిన్న చలనచిత్రాలు క్రొత్తవారి దృష్టిని ఆకర్షించడానికి ఉపయోగపడతాయి. స్టోరీ అని పిలిచేవి 24 గంటల తరువాత కనుమరుగవుతాయి గనుక, మగ్గంపై ఆనాడు జరిగిన పనిని చూపడానికి అవి అనువైనవి. నచ్చినవారు సందేశం పంపుతారు. ధర కుదిరిన పిదప సొమ్ము చెల్లిస్తారు. సరకు తపాలా ద్వారానో, కొరియరు ద్వారానో బయలుదేరుతుంది.

అయితే ఇక్కడ ఒక విషయం మరువరాదు. దుకాణంలో కొనేవారు గుడ్డను చేతితో తడిమి చూస్తారు. ఇక్కడ ఆ అవకాశం లేదు. కనుక ఫొటో కేవలం అలంకారం కాదు. అది అమ్మేవారు చేసే వాగ్దానం. ఆ వాగ్దానం నిలిచినంతకాలమే వ్యాపారం నిలుస్తుంది.

బొమ్మలో ఏమి కనిపించాలి?

తెలంగాణలోని భూదాన్ పోచంపల్లిని ఉదాహరణగా తీసుకుందాం. 1951లో వినోబా భావే భూదానోద్యమానికి అంకురార్పణ జరిగిన ఈ గ్రామం ఇకత్ నేతకు ప్రసిద్ధి చెందింది. ఇకత్ అనే మాట మలయ్ భాష నుండి వచ్చినది. కట్టడం అని దాని భావం. నేయడానికి పూర్వమే నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఇలా పలుమార్లు కట్టి, విప్పి, అద్దిన నూలును మగ్గం మీదికి ఎక్కించినప్పుడు బొమ్మ రూపుకడుతుంది. ఆ బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్లు కనిపించడం దీని సహజ లక్షణం. రంగు నూలులోనే ఉన్నందున గుడ్డకు రెండువైపులా బొమ్మ ఒకే విధంగా ఉంటుంది. ఇకత్ నమూనాను సాధారణంగా గుడ్డపై అచ్చు వేసినప్పుడు వెనుకవైపు వెలవెలబోతుంది.

ఈ చిన్న సంగతి తెలిసినవారు ఫొటో ఎలా తీయాలో కూడా గ్రహించగలరు. చీరను ముందువైపే కాక వెనుకవైపు మడత తిప్పి కూడా చూపాలి. అంచును, కొంగును, మధ్యభాగాన్ని వేరువేరుగా చూపాలి. బొమ్మ పరిమాణం తెలియడానికి గుడ్డ మీద చేతిని ఉంచవచ్చు. బొమ్మ అంచులు చెదిరి ఉండడం లోపం కాదనీ, చేతిపనికి గుర్తు అనీ రెండు మాటలు చేర్చితే, కొనేవారికి అది విజ్ఞానం, అమ్మేవారికి రక్షణ.

వెలుతురు విషయంలో మరింత శ్రద్ధ అవసరం. మిట్టమధ్యాహ్నపు ఎండలో రంగులు పాలిపోయినట్లు కనిపిస్తాయి. రాత్రి దీపాల కాంతిలో పసుపు ఛాయ తిరుగుతాయి. ఉదయం పూట వసారా నీడలో, తెల్లని గోడ ప్రక్కన తీసిన ఫొటో యథార్థానికి దగ్గరగా ఉంటుంది. నేరేడు రంగు ఫోనులో నీలంగా కనిపించడం కద్దు. అటువంటప్పుడు గుడ్డను ఎదుట పెట్టుకొని సరిచూచి, తేడా ఉంటే ఆ మాటను స్పష్టంగా వ్రాయడం మంచిది. ఫొటోకు మెరుగులు దిద్ది అమ్మిన చీర ఒకసారి అమ్ముడుపోతుంది. ఆ కొనుగోలుదారు మాత్రం రెండవసారి రారు.

మాట తోడు

బొమ్మకు మాట తోడు కావాలి. ఈ మాధ్యమంలో వెదికేవారు పదాలతోనే వెదుకుతారు. మనం కొంగు అనేదానిని హిందీవారు పల్లూ అంటారు, బెంగాలీవారికి అది ఆఁచల్, కన్నడిగులకు సెరగు, తమిళులకు ముందానై. ఒక్క చీరకొంగుకే ఇన్ని పేర్లు! ఫొటో క్రింద వ్రాసే వివరణలో తెలుగుతోపాటు హిందీ, ఇంగ్లీషు, వీలైతే కొనేవారి భాషలో ఒక్కొక్క వాక్యం చేర్చితే, ఆ ప్రాంతంవారికి అది దారి చూపుతుంది. నూలు రకం, కొలత, జాకెట్టు గుడ్డ ఉన్నదా లేదా, ఉతికే విధానం, పంపడానికి పట్టే రోజులు - ఇవన్నీ ఆ వివరణలో ఉండాలి. నేసినవారి పేరు కూడా ఉండాలి. ఎన్నో తరాలుగా పేరు లేకుండా సాగిన పనికి ఈనాడు పేరు పెట్టే అవకాశం దొరికింది.

ధరను నిర్ణయించే తీరు

సరకు అమ్ముడు కావడం వేరు, లాభం రావడం వేరు. ఉదాహరణకు, ఒక చీరకు నూలు, రంగుల ఖర్చు 3,000 రూపాయలు, కుటుంబంలోని వారందరి కూలి 4,500 రూపాయలు అనుకుందాం. మొత్తం 7,500 రూపాయలు. వర్తకుని ప్రమేయం లేదు గదా అని 8,000 రూపాయలకు అమ్మితే 500 మిగిలినట్లు తోస్తుంది. కాని పెట్టె, తపాలా ఖర్చు 150. ఫొటోలు తీయడానికి, పదిమంది ప్రశ్నలకు బదులివ్వడానికి వెచ్చించిన కాలానికి 300. తిరిగివచ్చే సరకు నష్టానికి 250 చేర్చితే అసలు ఖర్చు 8,200 అవుతుంది. మిగిలినది లాభం కాదు, 200 రూపాయల నష్టం! మధ్యవర్తిని తొలగించినంత మాత్రాన ఆయన చేసే పని తొలగిపోదు; అది మన భుజాల మీదికి వస్తుంది. ఆ పనికి కూడా కూలి కట్టుకోవాలి.

పొంచి ఉన్న ప్రమాదాలు

అన్నిటికంటె పెద్ద ప్రమాదం అనుకరణ. ఇంటిల్లిపాది నెలల తరబడి ఆలోచించి రూపొందించిన నమూనాను, ఫొటో చూచి ఎక్కడో ఒక కర్మాగారం కొద్దిరోజులలో అచ్చు వేయగలదు. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించిన చట్టం 1985లో వచ్చింది. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక సూచిక గుర్తింపు లభించి సుమారు రెండు దశాబ్దాలయింది. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుందే గాని, ప్రతి క్రొత్త నమూనాకు రక్షణ కల్పించదు. క్రొత్త నమూనాను 2000 నాటి డిజైన్ల చట్టం క్రింద నమోదు చేయించుకోవచ్చు. మొదట 10 సంవత్సరాలు, ఆపైన మరి 5 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. కాని దరఖాస్తు చేయడానికి ముందే లోకానికి వెల్లడి అయిన నమూనా నమోదుకు అర్హం కాదు. అనగా, నమోదు చేయదలచినవారు ముందు దరఖాస్తు పెట్టి, తరువాతనే ఫొటో పెట్టాలి. ఈ క్రమం తెలియక హక్కు కోల్పోయే ప్రమాదం ఉన్నది.

రెండవది మోసం. సొమ్ము పంపుతున్నామని చెప్పి రహస్య సంఖ్యను నొక్కమనేవారు ఉంటారు. సొమ్ము అందుకోవడానికి యు.పి.ఐ. రహస్య సంఖ్యతో పనిలేదు. పంపినట్లు చూపే ఫొటోను నమ్మక, బ్యాంకు ఖాతాలో జమ అయినదో లేదో చూచుకొన్న తరువాతనే సరకు పంపాలి. మోసపోయినవారు జాప్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

మూడవది పరాధీనత. ఈ మాధ్యమం మన సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు. ఏ ఫొటో ఎందరికి కనిపించాలో నిర్ణయించేది ఆ సంస్థ. 2020 జూన్ 29న ప్రభుత్వం భద్రతా కారణాలపై టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, కేవలం టిక్‌టాక్ పైనే ఆధారపడినవారికి ఆదరించే ప్రేక్షకులు ఒక్కసారిగా దూరమయ్యారు. అందుచేత కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు ఒక పుస్తకంలో భద్రంగా వ్రాసి ఉంచుకోవాలి. సహకార సంఘాన్నీ, స్థానిక దుకాణాన్నీ పూర్తిగా విడిచిపెట్టరాదు.

విద్యార్థులు చేయగల సాయం

చాలా నేత కుటుంబాలలో మగ్గం తల్లిదండ్రుల చేతిలోనూ, ఫోను చదువుకునే పిల్లల చేతిలోనూ ఉన్నది. ఈ రెండు చేతులు కలిసినప్పుడే పని సానుకూలమవుతుంది. ఫొటో తీయడం, నాలుగు భాషలలో వివరణ వ్రాయడం, లెక్క చూడడం - ఇవి కళాశాల విద్యార్థులు చేయగల పనులే. ఆ పనిలో వారు తమ ఇంటి విద్యను క్రొత్తగా చూడడం నేర్చుకుంటారు. తాత కట్టిన ముడిలోని లెక్క ఎంత సూక్ష్మమైనదో, దాన్ని ఇతరులకు వివరించవలసి వచ్చినప్పుడే మనుమరాలికి బోధపడుతుంది.

అస్సాంలోని ఒక ఉపాధ్యాయిని పోచంపల్లి చీర కట్టుకొని, దాన్ని నేసినవారి పేరు చెప్పగలిగిన నాడు. పోచంపల్లిలోని నేతకారుడు తన చీర ఏ ఊరు చేరిందో తెలుసుకొన్న నాడు, ఆ అమ్మకంలో సొమ్ముతోపాటు పరిచయం కూడా చేతులు మారుతుంది. దూరాన ఉన్న ఇద్దరు పౌరుల మధ్య అటువంటి పరిచయం నిలవాలంటే, ఫొటోలో చూపిన రంగే పెట్టె విప్పినప్పుడు కనిపించాలి.