మడి ఎంచేది ఎవరు?

గట్టు మీద నిలబడి "పైరు బాగానే ఉంది" అని రాసుకుపోతే అది లెక్క కాదు, కంటి అంచనా. కాలవ పక్క మడి చూసినవాడికి నష్టం కనబడదు. చివరి భూమి చూసినవాడికి పంట కనబడదు. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్, బెంగాల్ పైర్ల సర్వేల్లో, చీటీ తీసినట్టు అంకెలే చేను ఎంచే పద్ధతిని నిలబెట్టారు.

దిగుబడిని బట్టి ఇచ్చే పంటల బీమాలో వరికి సాధారణంగా ఐదు మీటర్ల చదరం కోసి, నూర్చి తూస్తారు. ఎకరంలో అలాంటివి సుమారు 162. అక్కడ కిలో ఎక్కువ రాస్తే ఎకరానికి రెండు బస్తాలకు పైగా లేని పంట పండినట్టే! పరిహారానికి గండి పడ్డట్టే!

అందుకే పంటకోత ప్రయోగం నాడు రైతులం, కూలీలం దగ్గరుందాం. అంకె ఎలా తీశారో, కాటా ఎంత చూపిందో అడుగుదాం. ఎండిన మడే కొయ్యమని మనం పట్టుబట్టినా తప్పే. సరైన లెక్కే మనకు సాక్ష్యం.